వేళ్ళలో రెఫరీ

టీ గ్లాసు భర్త చేతికిచ్చే ముందు ఆవిడ దాన్ని తన మణికట్టుకి ఆనించి చూసుకుంటుంది, పసిపిల్లల పాలసీసాని చూసినట్టు. ఈ అలవాటు ఈమధ్యే పట్టుకుంది. ఒక పొద్దున ఆయన పొగలు కక్కుతున్న స్టీలు గ్లాసు చుట్టూ ఎడమచేతి వేళ్ళు బిగించి, కుడిచేత్తో పేపరు తిప్పుకుంటూ తాపీగా కూర్చున్నాడు. ఆవిడ చూసి కెవ్వుమని గ్లాసు లాక్కునేసరికి చిటికెన వేలి మీదా, పక్క వేలి మీదా బొబ్బలు తేలిపోయి ఉన్నాయి. ఆయన వాటిని ఎవరి బొబ్బలో అన్నట్టు చూసి, "అరె" అన్నాడు.

డాక్టరు షుగరన్నాడు, నరాలన్నాడు, ముందే రావాల్సింది అన్నాడు. ఇంకా ఏదేదో చెప్పాడు. అన్నీ తలూపుతూ విని, బయటికొచ్చాక ఆయన భార్యకి తేల్చింది మాత్రం ఒకటే ముక్క. "రెండు వేళ్ళేనే. మిగతా మూడూ నిక్షేపంలా ఉన్నాయి. ఎవరితోనూ అనకు."

ఎవరితో అంటుంది? ఊళ్ళో బిలియర్డ్స్ కర్ర పట్టిన ప్రతివాడికీ ఆయన మెత్తచెయ్యి మాస్టారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా మిగల్లేదు. బంతిని కొట్టినట్టు కాక, నిద్రపోతున్న పిల్లని మంచం మీద పక్కకి జరిపినట్టు జరుపుతాడని వచ్చిన పేరది. కప్పులు గెలిచిందీ, తర్వాత పదిమందికి ఆట నేర్పుకుంటూ బతికిందీ ఆ పేరు మీదే. ఇప్పుడు ఆ చెయ్యే మొద్దుబారిందని టముకు వేయించుకోమంటే ఎట్లా?

"రేపటి పోటీ మానుకోకూడదూ?" అందావిడ, గ్లాసు అందిస్తూ.

"ఒప్పుకున్నాను కదా."

"ఒప్పుకున్నప్పుడు చెయ్యి బాగానే ఉంది."

"ఇప్పుడూ బాగానే ఉంది" అని ఆయన గ్లాసు కుడిచేత్తో అందుకున్నాడు.

ఆయన అవుననుకుంటే అవును, కాదనుకుంటే కాదు. పెళ్ళయిన కొత్తలో ఆవిడ ఏడ్చేది, తర్వాత పోట్లాడేది, ఇప్పుడు గ్లాసు వేడి చూసి ఇస్తోంది.

*

హాలు మేడమీద. కింద టైర్ల కొట్టు. మెట్లెక్కుతుంటే రబ్బరు వాసన సగందాకా వెంటబడి వచ్చి, పైన కర్ర కొసకి రుద్దే నీలం చాక్ పొడి వాసన మొదలయ్యేసరికి ఆగిపోతుంది. లోపల వరసగా బల్లలు, ఒక్కో బల్ల మీద ఒక్కో దీపం. ఎదురుగోడ మీద పెద్దాయన ఫోటో. హాలు పెట్టిందీ ఆయనే, మెత్తచెయ్యికి ఆట నేర్పిందీ ఆయనే. పోయి చాలాకాలమైంది. ఫోటో కింద ఆయన బతికుండగా నీలిరంగుతో గోడ మీద రాయించిన అక్షరాలున్నాయి: "ఫౌల్ ఎవరిదైతే వారే చెప్పవలెను."

ఆ హాలు పద్ధతి అది. రెఫరీ ఉన్నా లేకున్నా, కర్ర కొస తప్ప ఇంకేదైనా, వేలుగానీ చొక్కా అంచుగానీ, బంతికి తగిలితే ఆడుతున్న మనిషే చెయ్యెత్తి "ఫౌల్ నాది" అనాలి, పక్కకి తప్పుకోవాలి. అవతలి ఆటగాడు కళ్ళారా చూసినా నోరు మెదపకూడదు. మెదిపితే ఎదుటి మనిషిని దొంగ అన్నట్టే. పెద్దాయన ఒక ఛాంపియన్‌షిప్ ఫైనల్లో, ఆఖరి బంతి బల్ల మూలనున్న సంచి అంచున నోరు తెరుచుకుని ఎదురుచూస్తుండగా, చొక్కా బొత్తాం తగిలిందని చెయ్యెత్తి కప్పు వదులుకున్నాడు. ఆ బొత్తాన్ని ఆయన తప్ప ఇంకెవరూ చూడలేదు. ఈ కథ చెవిన పడకుండా ఆ హాల్లో ఎవరూ కర్ర పట్టలేదు.

టీ బల్ల దగ్గర పిడుగు అప్పటికే సభ తీర్చి ఉన్నాడు. ఆయనా పాత ఛాంపియనే. ఒకప్పుడు మొదటి దెబ్బ, అదే బ్రేక్, కొడితే కింద టైర్ల కొట్టువాడు తలెత్తి చూసేవాడట. ఇప్పుడు మోకాళ్ళు పోయి, నోరొక్కటి మిగిలింది.

"ఒరేయ్ మెత్తచెయ్యీ, ఇందాక ఆ పిల్ల బ్రేక్ కొట్టింది చూడూ, నా పేరు దానికిచ్చేసి ఇంటికి పోదామనిపించింది రా" అన్నాడు.

"ఇచ్చేయ్. నీకెందుకు ఇంకా?"

"ఇస్తాగానీ, మన రోజుల్లో బల్ల మీద గుడ్డ ఎట్లా ఉండేది? కంబళి! బంతిని అవతలి గట్టుదాకా తోలాలంటే భుజం ఊడొచ్చేది. ఇప్పుడు అద్దం పరిచారు. ఊదితే పోతోంది."

"ఊదితే పోతుంది. ఆపడమే కష్టం" అన్నాడు మాస్టారు, కర్ర సంచి విప్పుతూ.

ఆ పిల్ల పక్క బల్ల దగ్గరే ఉంది. ఇప్పటి ఛాంపియన్. ఎడమచేతికి మూడు వేళ్ళ నల్లటి గ్లవ్వు వేసుకుని ఆడుతుంది గనక పాతవాళ్ళు పెట్టిన పేరు నల్లగ్లవ్వు. కర్ర జారడానికి చెమట అడ్డురాకుండా ఇప్పటివాళ్ళందరూ వేసుకునేదే అది. మాస్టారు మాత్రం, "గుడ్డ చేతికి తెలియాలమ్మా, మేజోడు తొడుక్కుని నేల చల్లగా ఉందంటే ఎట్లా" అని ఏడిపించేవాడు. ఈమధ్య ఏడిపించడం మానేశాడు.

నల్లగ్లవ్వు స్టాండు మీద ఫోను పెట్టి తన దెబ్బ తనే వీడియో తీసుకుంటోంది. ఒకే దెబ్బ. కొట్టడం, ఫోనులో చూసుకోవడం, బంతుల్ని మళ్ళీ అక్కడే పేర్చడం.

"పొద్దుట్నుంచీ అదొక్కటేనా?" అన్నాడు పిడుగు.

"మీ రోజుల్లో అలిసిపోతే టీ తాగేవాళ్ళు బాబాయ్ గారూ. మేం టీ తాగితే ర్యాంకు పోతుంది" అంది, తలెత్తకుండానే.

"అన్నీ ఉన్నాయమ్మా మీకు. చేతికి గ్లవ్వు, కర్రకి కార్బను, కడుపుకి డైటు. లేనిది ఒక్కటే" అని పిడుగు గడ్డంతో గోడ మీది అక్షరాల్ని చూపించాడు.

"ఆ మాట రోజూ వింటున్నాను. పొద్దున్నే పళ్ళు తోముకోవడం, ఆ మాట వినడం."

అందరూ నవ్వారు. మాస్టారు కూడా నవ్వి, బల్ల మీద ఎడమచెయ్యి ఆనించాడు. గుడ్డ మీద చెయ్యి ఉన్నట్టు కంటికి కనిపిస్తోంది. బొటనవేలి కింద ఏదో కొంచెం తెలుస్తున్నట్టే ఉంది. తెలుస్తోందని ఆయన నిర్ణయించుకున్నాడు.

*

పోటీకి హాలు ఓనరు, అంటే పెద్దాయన కొడుకు, పెద్ద అట్టహాసమే చేశాడు. "అప్పుడు, ఇప్పుడు" అని బ్యానరు కట్టించాడు. పాత ఛాంపియన్‌కీ కొత్త ఛాంపియన్‌కీ ముఖాముఖి, ఎవరు గొప్పో బల్లే చెప్తుంది అని ఫోన్లలో ప్రచారం చేయించాడు. బల్ల పైన దీపానికి కెమెరా కట్టించాడు. కుర్చీలు చాలక జనం కిటికీ గట్ల మీద కూర్చున్నారు.

మొదట్లో బల్ల ఆ పిల్ల మాటే విన్నది. ఆమె బ్రేక్ కొడితే బంతులు బల్ల మీద పారిపోవడానికి చోటు వెతుక్కున్నాయి. తొందర లేదు, తడబాటు లేదు, దెబ్బకీ దెబ్బకీ మధ్య మొహంలో మార్పు లేదు. మాస్టారు కుర్చీలో కూర్చుని, మేం ఇంత బాగా ఎప్పుడాడాం అనుకున్నాడు. ఆ అనుకోవడంలో బాధగానీ ఈర్ష్యగానీ లేవు. ఎవరిదో ఇల్లు బాగుందనుకున్నట్టు అనుకున్నాడు.

తర్వాత ఆమె ఎక్కడో ఒక దెబ్బ మరీ గట్టిగా వేసి గురి తప్పింది. ఆయన లేచాడు. లేచాక ఆయన ఆట ఆయన ఆడాడు. బంతిని బంతి వెనక దాచడం, ఆమెకి కొట్టడానికి ఏమీ లేకుండా చేయడం, మధ్యలో ఎవరూ ఊహించని చోటుకి తెల్లబంతిని మెల్లగా తీసుకెళ్ళి నిలబెట్టడం. పిడుగు కుర్చీలో నిలవలేక, "అదిరా! అదీ చెయ్యంటే!" అని అరుస్తున్నాడు. చెయ్యి కాదు, కన్ను. ఎన్నో ఏళ్ళుగా చూసిన కోణాల్ని కన్ను గుర్తుపెట్టుకుంది, చెయ్యి దాని వెనక నడిచింది. ఆ సంగతి ఒక్క మాస్టారికే తెలుసు.

చివరికి ఇద్దరూ సమానమై, ఆఖరి ఆట మిగిలింది. అందులోనూ కొద్ది బంతులే మిగిలాయి. తెల్లబంతి వెళ్ళి వెళ్ళి నీలం బంతికి అంగుళం ఎడంలో ఆగింది. కొట్టాలంటే ఎడమచెయ్యిని నీలం బంతికి ఇవతల, వేలి కొసల మీద నిలబెట్టి, దాని మీదుగా కర్ర దించాలి. మాస్టారు వేళ్ళు విప్పి పందిరి కాళ్ళలా నిలబెట్టాడు. రెఫరీ బల్లకి అవతలివైపు ఉన్నాడు. నల్లగ్లవ్వు ఇవతలివైపు కుర్చీలో, ఆ చేతికి ఎదురుగా ఉంది. మాస్టారి చూపు దూరంగా ఉన్న ఎర్రబంతి మీద ఉంది. ఎప్పుడూ అంతే. దెబ్బ వేసేటప్పుడు ఆటగాడు చేతి వంక చూడడు. అక్కడేమన్నా జరిగితే చెయ్యే చెప్తుంది.

చెయ్యి ఏమీ చెప్పలేదు. దెబ్బ పడింది, ఎర్రబంతి సంచిలోకి వెళ్ళింది, వెనకే మిగిలినవీ వెళ్ళాయి. హాలు లేచి నిలబడింది.

ఓనరు మైకు తెచ్చి మాస్టారి చేతిలో పెట్టాడు. "చెప్పు బాబాయ్, అప్పటివాళ్ళకీ ఇప్పటివాళ్ళకీ తేడా ఏంటి?"

"వీళ్ళ గురి మాకు లేదు" అన్నాడు మాస్టారు. "వీళ్ళు పడే కష్టం మేం పడలేదు. నిజం చెప్పాలంటే ఆటలో వీళ్ళే ఎక్కువ." జనం చప్పట్లు కొట్టారు. అక్కడితో ఆపాల్సింది. ఆపలేదు. "మాకున్నది ఒక్కటే. తప్పు జరిగితే మాకు రెఫరీ అక్కర్లేదు. మా రెఫరీ మా వేళ్ళలోనే ఉండేవాడు."

ఈలలు పడ్డాయి. పిడుగు కళ్ళు తుడుచుకున్నాడు.

నల్లగ్లవ్వు వచ్చి, గ్లవ్వు ఊడదీసి చెయ్యి కలిపింది. కలిపిన చెయ్యి వదల్లేదు. "ఇంకేమన్నా చెప్తారా మాస్టారూ?" అంది మెల్లగా.

"బాగా ఆడావమ్మా" అన్నాడాయన.

ఆమె చెయ్యి వదిలేసి, కర్ర విడదీసి సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

*

పొద్దున ఓనరు ఫోను చేసి, "బాబాయ్, వీడియో చూశావా?" అన్నాడు. గొంతు ఎలాగో ఉంది.

భార్యాభర్తలిద్దరూ వంటింటి గట్టు మీద ఫోను ఆనించి చూశారు. దీపానికి కట్టిన కెమెరా పైనుంచి తీసింది. ఎవరో ఆ ఒక్క ముక్క కోసి, వేగం తగ్గించి, ఎర్రగీత గుండ్రంగా గీసి పెట్టారు. ఆ గీతలో ఒక చెయ్యి దిగింది. వేళ్ళు విచ్చుకున్నాయి. చిటికెన వేలు నీలం బంతికి ఆని, దాన్ని బియ్యపు గింజంత పక్కకి తోసింది. అవును, తోసింది. బంతి కదిలింది. తర్వాత కర్ర కదిలింది. ఆ వెంటనే మైకు పట్టుకుని ఆయనే వచ్చాడు. "మా రెఫరీ మా వేళ్ళలోనే ఉండేవాడు." కింద జనం రాతలు. రెఫరీ సెలవు పెట్టాడని ఒకరు. రెఫరీకి కళ్ళద్దాలు కొనిపెట్టండని ఒకరు. ముసలిదొంగ అని పొడిగా ఒకరు.

ఆవిడ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన ఇంకోసారి చూశాడు. మరోసారి చూశాడు. వేలు తనదే, ఉంగరం తనదే, తగిలినట్టు మాత్రం ఎంత వెతుక్కున్నా ఎక్కడా లేదు. తల కొట్టేసినట్టు అవ్వాలి కదా అనుకున్నాడు. అవలేదు. దాని కోసం కాసేపు ఎదురుచూసి, స్నానానికి వెళ్ళాడు.

హాలుకి మామూలు వేళకే వెళ్ళాడు. టీ బల్ల దగ్గర మాటలు ఆగిపోయాయి. అటు చెవులు కొరుక్కుంటున్నవాళ్ళు ఇటు చూడకుండా చాక్ అరగదీయడం మొదలెట్టారు. పిడుగు ఒక్కడే లేచొచ్చి, భుజం మీద చెయ్యేసి కిటికీ దగ్గరికి లాక్కెళ్ళాడు.

"వాళ్ళ మొహం. పట్టించుకోకు" అన్నాడు. "ఎప్పుడో ఒకప్పుడు అందరం ఫౌల్ మింగినవాళ్ళమే రా. నేను మింగలేదూ? ఎవడు కనిపెట్టాడు? మనకప్పుడు నెత్తిమీద కెమెరా లేదు, అంతే తేడా."

మాస్టారు వాడి వంక చూశాడు. "నువ్వు మింగావా?"

"ఇప్పుడదంతా ఎందుకులే" అని పిడుగు నవ్వేశాడు. స్నేహితుణ్ణి వెనకేసుకొచ్చానని వాడి మొహం వెలిగిపోతోంది.

"నాకు తెలీలేదు రా, తగిలినట్టు" అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. అంటే వాడు, ఎందుకు తెలీలేదు అంటాడు. అక్కణ్ణుంచి చెయ్యిదాకా ఎంతో దూరం లేదు. మాస్టారు నోరు మూసుకున్నాడు.

*

సాయంత్రం నల్లగ్లవ్వు ఇంటికొచ్చింది. ఎప్పుడూ రాని పిల్ల. కుర్చీ అంచు మీద కూర్చుంది. ఆవిడ టీ తెచ్చి, ఆయన గ్లాసు మణికట్టుకి ఆనించి చూసి ఇచ్చింది. పిల్ల అది గమనించింది.

"ఆ వీడియో నేను పెట్టలేదు మాస్టారూ. అది చెప్పిపోదామని వచ్చాను."

"తెలుసమ్మా."

"కానీ వేలు తగలడం చూశాను. నా కళ్ళెదురుగానే కదా. మీరు చెయ్యెత్తుతారని చూశాను. ఎత్తలేదు. మైకు తీసుకున్నప్పుడు, సరే ఇప్పుడు చెప్తారు అనుకున్నాను. చెయ్యి కలిపినప్పుడూ అడిగాను."

"నువ్వే చెప్పొచ్చుగా, తగిలిందని?"

"మీ హాలు పద్ధతే కదా" అంది. గ్లాసుని రెండు చేతుల మధ్యా తిప్పింది. "ఒక మాట చెప్తాను, కోపం తెచ్చుకోకండి. నాకప్పుడు సంతోషమేసింది. ఊహ తెలిసినప్పట్నుంచీ మాకు ఆ గోడే చూపిస్తున్నారు. ఎంత ఆడినా, ఎన్ని గెలిచినా, మీ కాలిగోటికి సరిపోమని. వీళ్ళూ మాలాంటివాళ్ళేనన్నమాట అనుకున్నాను. ఇంటికెళ్ళి హాయిగా పడుకున్నాను."

"మంచిదే."

"పొద్దున లేచి కర్ర తీస్తే ఆడబుద్ధి కాలేదు. ఇప్పటిదాకా ముట్టుకోలేదు. ఎందుకో నాకు తెలీట్లేదు."

వంటింటి గడప దగ్గర నుంచున్న ఆవిడ ఇంక ఉండబట్టలేక, "చెప్పండి. ఆ పిల్లకైనా చెప్పండి" అంది.

"ఏం చెప్పాలి? నువ్వు లోపలికెళ్ళు."

నల్లగ్లవ్వు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. టీ సగం అలాగే ఉంచి లేచింది. ఆమె మెట్లు దిగేదాకా ఆగి, ఆవిడ ఇక దాచుకోలేదు.

"దొంగ అంటే పడతారు గానీ చెయ్యి బాగోలేదంటే పడరు! ఏం మనిషండీ మీరు? నాకు కడుపు మండిపోతోంది."

"దొంగ రేపు మళ్ళీ ఆడొచ్చే" అన్నాడాయన. "చెయ్యి పోయినవాడు ఆడలేడు."

ఆవిడ గ్లాసులు తీసుకుని లోపలికెళ్ళి, కావలసినదానికంటే ఎక్కువ చప్పుడు చేస్తూ కడిగింది.

*

మర్నాడు మెట్లెక్కుతుంటే రబ్బరు వాసన సగంలో ఆగలేదు. దాంతోపాటు సున్నం వాసన కలిసింది. పైన తలుపు తీసి ఉంది. పెద్దాయన ఫోటో దించి బల్ల మీద బోర్లించారు. నిచ్చెన మీద పెయింటరు రేకుముక్కతో గోడ గీకుతున్నాడు. "ఫౌల్" అన్నమాట అప్పటికే పోయింది. "ఎవరిదైతే వారే చెప్పవలెను" అన్నది మిగిలింది. నీలిరంగు పొడి కింద పరిచిన పాత పేపర్ల మీద రాలుతోంది.

ఓనరు ఎదురొచ్చాడు. వాడి మొహంలో తప్పు చేస్తున్న బెదురు ఉంది. "ఏమనుకోకు బాబాయ్. నిన్న పైకొచ్చినవాళ్ళందరూ దీనికింద నిలబడి ఫోటోలు దిగి నవ్వుకుంటున్నారు. నాన్న ఫోటో కూడా అందులో పడుతోంది. నాకు చూడబుద్ధి కాలేదు. ప్రతి బల్లకీ కెమెరా పెట్టించేస్తాను, ఇక ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు."

"పోన్లే రా" అన్నాడు పిడుగు టీ బల్ల దగ్గర్నుంచి. "అంత బెంగపడాల్సిందేముంది? ఆ బొత్తాం మాత్రం ఎవడు చూశాడు? ఆఖరి బంతి వేయలేనని భయపడి బొత్తాం మీదికి నెట్టాడేమో ముసలాయన!"

ఒకరిద్దరు నవ్వారు. ఓనరు కూడా, సొంత కొడుకు, ఏమనాలో తెలీక కొంచెం నవ్వాడు.

మాస్టారికి వీడియో చూసినప్పుడు రానిది అప్పుడొచ్చింది. తల కొట్టేసినట్టయింది. ఆ ఫైనల్ రోజున తనూ హాల్లోనే ఉన్నాడు. కప్పు పోయాక పెద్దాయన మొహం చూశాడు. ఇంటిదాకా ఆయన కర్ర మోసుకుంటూ పక్కన నడిచాడు. దారంతా పెద్దాయన ఒకే ఒక్క మాటన్నాడు. "తగిలింది రా, తెలిసింది" అని. దాచుకున్నది నా చెయ్యి, పోతున్నది ఆయన బొత్తామా?

"దిగవయ్యా" అన్నాడు పెయింటరుతో.

పెయింటరు ఓనరు వంక చూశాడు.

"దిగమంటున్నానా! కాసేపు." ఆయన గొంతు పెంచగా ఆ హాల్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు. పెయింటరు దిగాడు. మూల బల్ల దగ్గర కర్ర తీయకుండా ఊరికే కూర్చున్న నల్లగ్లవ్వు తలెత్తింది.

"బంతికి నా వేలు తగిలింది" అన్నాడు మాస్టారు. "కెమెరా చెప్పింది నిజం. నేను మింగలేదు. నాకు తెలీలేదు. ఈ చెయ్యి బాగోలేదు. చిటికెన వేలూ, దీని పక్కదీ, రెండూ పోయాయి. షుగరు. మిగతావి బాగున్నాయి. దాచాను. అదీ సంగతి."

ఓనరు, "ఇప్పుడు చెప్తే నమ్ముతారా బాబాయ్? దొరికిపోయాక చెప్తున్నాడంటారు" అన్నాడు.

"నమ్మకపోతే చూడండి. అమ్మాయ్, ఇట్రా. నీ కర్ర తెచ్చుకో."

నల్లగ్లవ్వు కర్ర బిగించి, కొసకి చాక్ పట్టించి వచ్చింది. అది అలవాటు, ఎందుకో తెలీకుండానే పట్టించింది. మాస్టారు ఎడమచెయ్యి వెల్లకిలా బల్ల మీద పరిచాడు.

"నేను అటు తిరుగుతాను. నువ్వు నీ ఇష్టమొచ్చిన వేలి మీద కర్ర కొస పెట్టి నొక్కు. బొటనవేలూ, చూపుడు వేలూ, మధ్యవేలూ నేను చెప్తాను. మిగతా రెండూ చెప్పలేను. అదీ లెక్క. అందరూ చూడండి."

గోడవైపు తిరిగాడు. ఫోటో తీసిన చోట గోడ తెల్లగా ఉంది. దాని కింద "ఎవరిదైతే వారే చెప్పవలెను". ఆ అక్షరాలు రాసిన రోజున నిచ్చెన పట్టుకున్నది తనే. పెద్దాయన కిందనుంచి, వంకరపోతోందయ్యా అని అరుస్తున్నాడు. చివరి అక్షరం ఇప్పటికీ వంకరే.

వెనక ఏ చప్పుడూ లేదు.

"కానీ అమ్మా" అన్నాడు.

కింద వీధిలో ఎవడో హారను కొట్టాడు. పిడుగు దగ్గాడు.

"ఊఁ, మొదలుపెట్టు. మొహమాటపడకు."

అప్పటికీ ఏమీ లేదు. పిల్ల జాలిపడుతోంది కాబోలనుకుని ఆయనకి విసుగొచ్చింది. "ఎంతసేపమ్మా? గట్టిగానే నొక్కు, అరిగిపోయేది ఏం లేదు. ముందు బొటనవేలి మీద పెట్టు, అది బాగా తెలుస్తుంది."

"మాస్టారూ" అంది నల్లగ్లవ్వు.

ఆయన ఇటు తిరిగాడు. ఆమె కర్ర పక్కకి తీసేసి నిలబడి ఉంది. పిడుగు తల దించుకున్నాడు. పచ్చగుడ్డ మీద తన చెయ్యి అరచెయ్యి పైకి చేసుకుని పడుంది. అయిదు వేళ్ళ కొసల మీదా నీలం చాక్ మచ్చలున్నాయి. బొటనవేలి మీద రెండున్నాయి. రెండోది లోతుగా దిగి, చర్మం ఇంకా గుంటపడే ఉంది.

మాస్టారు వాటిని ఒక్కొక్కటిగా చూశాడు. డాక్టరు చెప్పిన మిగతా ముక్కలన్నీ అప్పుడు వినిపించాయి, వరసగా. తర్వాత ఆ చెయ్యినే పైకెత్తాడు. హాలు పద్ధతి ప్రకారం, అందరికీ కనిపించేలా.

"ఫౌల్ నాది" అన్నాడు.

స్కోరు పలక మీద పోటీ నాటి ఆట ఇంకా అలాగే ఉంది. తడిగుడ్డతో తన గెలుపు తుడిచేసి, ఆమెది రాశాడు. కర్రని విడదీసి సంచిలో పెట్టి, ఆ సంచిని తన భుజానికి కాక గోడకున్న మేకుకి తగిలించాడు. నల్లగ్లవ్వు ఆయన వెంట తలుపుదాకా వచ్చింది.

"నీకు ఇప్పుడు ఆడబుద్ధి అవుతుందేమో చూసుకో" అని ఆయన మెట్లు దిగాడు. వెనక నిచ్చెన జరుపుతున్న చప్పుడు వినిపించింది. ఎక్కుతున్నారో, తీసేస్తున్నారో ఆగి చూడలేదు.

ఇంట్లో ఆవిడ తలుపు తీసింది. చెప్పులు విడుస్తూ ఆయన గోడకి చెయ్యి ఆనించినప్పుడు వేళ్ళు కనబడ్డాయి. చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. ఒక్కో మచ్చనీ చూసింది.

"అన్నీనా?" అంది.

"అన్నీ."

ఆవిడ లోపలికెళ్ళి గిన్నెలో నీళ్ళు తెచ్చింది. ముందు తన మణికట్టు మీద రెండు చుక్కలు పోసుకుని చూసుకుంది. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, గుడ్డ తడిపి వేళ్ళు తుడవసాగింది. చాక్ తొందరగా వదల్లేదు. నీళ్ళు నీలంగా మారుతుంటే ఆయన వంగి చూస్తూ కూర్చున్నాడు.

"వేన్నీళ్ళా?" అని అడిగాడు.

"గోరువెచ్చన" అందావిడ, తలెత్తకుండా.

"అలాగా" అన్నాడు.